లొల్లి పాటల క్యాసెట్‌తో కోరుట్లకు

జగిత్యాల వెళ్తున్నానని చెప్పినప్పుడు కాకినాడలో మా వీధివాళ్లంతా ఒకటే అడిగారు: "అక్కడ చూడ్డానికేముంది?" గుడికా, పెళ్లికా అన్నారు. రెండింటికీ కాదన్నాను. ఒక పాత క్యాసెట్‌ను దాని సొంతదారుకు ఇవ్వడానికి అంటే నవ్వుతారని అసలు సంగతి చెప్పలేదు. వెళ్లొచ్చి పది రోజులైంది. ఇక ఎవరు నవ్వినా ఫర్వాలేదు, రాస్తున్నాను.

నేను ఒక ప్రైవేటు కాలేజీలో లైబ్రేరియన్‌ని. నాకు యాభై ఆరేళ్లు. మా అన్నయ్య హైదరాబాదులో చదువుకునే రోజుల్లో కోఠి ఫుట్‌పాత్ మీద కొన్న క్యాసెట్ ఒకటి సెలవులకు వచ్చినప్పుడు నా చేతిలో పెట్టాడు. దాని మీద నీలం ఇంకుతో, తెలుగులో, "లొల్లి పాటలు – 3" అని రాసి ఉంది. కింద చిన్న అక్షరాలతో "కోరుట్ల". లొల్లి అంటే గోల అని అన్నయ్యే చెప్పాడు.

పెట్టి వింటే నిజంగానే గోల. డెబ్బయ్యో దశకం చివర ఇంగ్లండులో పుట్టిన పంక్ సంగీతం అది. ఆ మాట నాకు చాలా ఏళ్ల తర్వాత, ఇంటర్నెట్ వచ్చాక గానీ తెలియలేదు. ఉద్యోగాలు దొరకని కుర్రాళ్లు, అమ్మాయిలు సంగీతం నేర్చుకోకుండానే గిటార్లు పట్టుకుని, తీగల మీద మూడే మూడు వేళ్ల పట్లతో, రెండేసి నిమిషాల పాటలు చేశారు. చవకరకం స్టూడియోల్లో ఒక్క పూటలో రికార్డు చేసేశారు. ఒక పాటలో గాయకుడు మొదలుపెట్టే ముందు దగ్గుతాడు. ఆ దగ్గు అలాగే ఉంచేశారు. ఇంకోదాంట్లో డ్రమ్ములు కొట్టేవాడి చేతిలోంచి పుల్ల జారి కింద పడుతుంది. ఒక దెబ్బ పోతుంది, మళ్లీ అందుకుంటాడు. మరో పాటలో ఒక అమ్మాయి పాడదు, అరుస్తుంది. పక్కనే శాక్సఫోన్ లారీ హారన్‌లా మోగుతుంటుంది.

మా ఇంట్లో సంగీతమంటే శ్రుతి తప్పితే తొడ మీద చరిచే మేష్టారు. దానికి తోడు నాకు నత్తి. తరగతిలో లేచి నిలబడితే నా పేరు నేను చెప్పుకోవడానికే అర నిమిషం పట్టేది. తప్పులతో సహా నలుగురి ముందుకూ రావచ్చని నాకు మొదట చెప్పింది ఆ దగ్గు, ఆ జారిన పుల్ల. ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్లేముందు ఆ క్యాసెట్ విని వెళ్లాను. నత్తితోనే మాట్లాడాను, మధ్యలో ఆగలేదు. ఉద్యోగం వచ్చింది.

ఒక్కటే కోపం. రెండోవైపు చివరి పాట సగంలో ఉండగా టక్కుమని చప్పుడవుతుంది, పాట పోయి ఒక ఆడమనిషి గొంతు వస్తుంది. ఎవరో రికార్డు బటన్ నొక్కి పాట మీద మాట్లాడేశారు. ముప్పై ఏళ్లకు పైగా, అక్కడికి రాగానే ఆమెను తిట్టుకుంటూ క్యాసెట్ ఆపేసేదాన్ని.

ఈ ఫిబ్రవరిలో టేపు మీది గోధుమరంగు పొడి రాలుతోందని గమనించాను. పాడయ్యేలోపు ఫోనులోకి ఎక్కించుకుందామని పెట్టి, వంటలో పడి మర్చిపోయాను. క్యాసెట్ చివరిదాకా తిరిగింది. ఆ మనిషి మాట మొదటిసారి పూర్తిగా విన్నాను. గల్ఫ్‌లో ఉన్న భర్తకు చెబుతోంది: "గీ క్యాసెట్ పారెయ్యకు. తెచ్చి ఇంట్ల పెట్టు. జమున పెద్దగైనంక ఇనవెడుదాం."

పొయ్యి మీద కూర మాడిపోయింది. జమున అనే ఆ పిల్లకు ఇప్పుడు నలభై దాటి ఉంటాయి. ఆమె వినాల్సింది ఇన్నేళ్లూ నా బీరువాలో ఉంది.

జగిత్యాల, టవర్ దగ్గర

క్యాసెట్ మీదున్న కోరుట్లకు జగిత్యాలలోనే బస్సు మారాలి. మార్చి నెల మధ్యలో అక్కడ దిగాను. చాయ్ పది రూపాయలు, గ్లాసు మాత్రం మా కాకినాడ గ్లాసులో సగం. టిఫిను బండి దగ్గర గుడాలు తిన్నాను. గుడాలంటే ఉడికించిన గింజలకు ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి తాలింపు పెట్టినవి. మా వైపు శనగలు ప్రసాదంగా తప్ప పొద్దున్నే ఎవరూ పెట్టరు. బండి నడిపే ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "ఒక్కదానివే అచ్చినవా అక్కా? ఎవలింటికి?" అంది. "ఇంకా తెలియదు" అన్నాను. ఇంకో గరిటె గుడాలు వేసి డబ్బులు వద్దంది. దారి తప్పానని అనుకుని ఉంటుంది.

నా దగ్గర క్యాసెట్‌తో పాటు పాత టేప్ రికార్డర్ కూడా ఉంది. ప్రయాణం కుదుపులకో, వయసుకో దాని లోపలి బెల్టు తెగింది. ఊరి మధ్య గడియారం టవర్ దగ్గర నలుగురిని అడిగితే నలుగురూ సలీం భాయ్ దుకాణమే చూపించారు. డెబ్బై దాటిన మనిషి, కళ్లజోడుకు దారం కట్టుకుని మిక్సీ విప్పుతూ కూర్చున్నారు. నా టేప్ రికార్డర్ చూడగానే మిక్సీ పక్కకు తోశారు.

"గీ బెల్టులు గిప్పుడు ఎవలు అడుగుతున్నరు మేడం? ఏండ్లకేండ్లాయె" అంటూ అడుగు సొరుగులోంచి ఒక డబ్బా తీశారు. బెల్టు వేస్తూ చెప్పారు: "ఒకప్పుడు గీ దుకాన్ల కూసోవటానికి జాగ ఉండకపోయేది. దుబాయికెల్లి, మస్కట్‌కెల్లి క్యాసెట్ల మీద ఉత్తరాలు అచ్చేటివి. ఇంట్ల టేపు లేనోళ్లు ఈడికే తెచ్చేటోళ్లు. నేను బటన్ ఒత్తి బయటికి పోయి చాయ్ తాగేటోన్ని. ఎవలింటి ముచ్చట వాళ్లది గద."

బెల్టు పడింది. చూద్దామని నా క్యాసెట్ పెట్టారు. గాయకుడు దగ్గాడు.

సలీం భాయ్ చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. "యా అల్లా! గీ దగ్గు నాకు ఎరుకే."

"మీకెలా తెలుసు?" అన్నాను. నత్తి వల్ల ఆ రెండు మాటలకూ చాలాసేపు పట్టింది. ఆయన ఓపికగా ఆగారు.

"లింబాద్రి అని కోరుట్లాయన. బహ్రెయిన్‌కెల్లి పెద్ద టేపు తెచ్చిండు, సౌండు తక్కువ అస్తుందని నా కాడికి తెచ్చిండు. బాగు చేసినంక గీ పాటనే పెట్టుమన్నడు. పెట్టిన. టవర్ కాడికెల్లి మనుషులు ఉరికచ్చిండ్రు, నా దుకాన్ల కొట్లాట అయితుందని!"

"ఆయన ఉన్నారా ఇప్పుడు?"

"ఎందుకు లేడు? కోరుట్లల మైక్ సెట్ దుకాణం. మొన్ననే ఆంప్లిఫైర్ బాగు చేయించుకపోయిండు."

చివర్లో ఉన్న ఆడమనిషి మాట గురించి చెప్పాను. వినిపించబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. "నేను ఇనద్దు మేడం. గాయన ఇంటి ముచ్చట అది. మీరు పోయి గాయనకే ఇయ్యుండ్రి." బెల్టుకు మాత్రం పైసలు తీసుకున్నారు. పనికి తీసుకోలేదు.

కోరుట్ల

బస్సు కిటికీలోంచి దారంతా పసుపు వాసన వచ్చింది. పసుపు కొమ్ములు ఉడకబెట్టి ఆరబోసే కాలం. మైదానాలన్నీ పసుపు కొమ్ములతో నిండి, వాటిని కాళ్లతో నెరుపుతూ ఆడవాళ్లు తిరుగుతున్నారు. మా వైపు అలాగే ధాన్యం ఆరబోస్తారు గానీ, దాని వాసన ముక్కుకు ఇంత ఘాటుగా తగలదు. నా పక్కన కూర్చున్నావిడ మెట్‌పల్లిలో ఉన్న కూతురి దగ్గరకు వెళ్తోంది. అల్లుడు ఖతర్‌లో, కొడుకు దుబాయిలో. "ఇద్దరూ రోజూ ఫోన్ల కనవడుతరు. ఎదురుంగ కనవడక మూడేండ్లాయె" అని, సంచీలోంచి సకినం, నువ్వులేసిన బియ్యప్పిండి చుట్ట, తీసి ఇచ్చింది. పంటికి ఎదురు తిరిగింది గానీ రుచి మర్చిపోలేను.

మైక్ సెట్ దుకాణం వెతకడం కష్టం కాలేదు. పెద్ద పెద్ద స్పీకర్ల మధ్య, చెవి మీద పెన్సిల్ పెట్టుకుని, తెల్లగడ్డం మనిషి వైర్లు చుడుతున్నారు. అరవై ఐదు దాటి ఉంటాయి. "లింబాద్రి గారేనా?" అన్నాను. ఇంకేం చెప్పాలో తోచక క్యాసెట్ చేతిలో పెట్టాను.

ఆయన దాన్ని వెలుతురులోకి ఎత్తి చూశారు. "గిది నా రాత" అన్నారు. తర్వాత కింద కూర్చున్నారు, స్టూలు పక్కనే ఉన్నా నేల మీదే.

ఆ తర్వాత గంటసేపు నా జీవితంలో ఎప్పుడూ దొరకని సంతోషం దొరికింది. ముప్పై ఏళ్లుగా ఈ పాటల గురించి మాట్లాడటానికి నాకు మనిషి లేడు. మా అన్నయ్యకే నచ్చలేదు. ఇక్కడ, పసుపు వాసన వేసే ఊళ్లో, వైర్ల మధ్య కూర్చుని ఒకాయన నాతో పాటు ఒక్కో పాటా గుర్తు చేసుకుంటున్నారు. పాటల పేర్లు ఆయనకూ తెలియవు. ఒకటి దగ్గు పాట. ఒకటి లారీ పిల్ల పాట. పుల్ల జారినదాన్ని "చేతులు కాలినోని పాట" అంటారు.

"లారీ పిల్ల బాగా పాడదు కదండీ?" అన్నాను, ఆయన ఏమంటారోనని.

"పాడదు. కని గా పిల్లకు ఎవ్వలన్నా భయం లేదు" అన్నారు. సరిగ్గా నేను అనుకునే మాటే.

ఇంగ్లీషు అర్థమయ్యేదా అని అడిగాను.

"ఒక్క ముక్క సమజ్ కాకపోయేది. కని గాళ్లకు పని దొరుకుతలేదని, దొరికినా జీతం సక్కగ ఇస్తలేరని మాత్రం ఎరుకైంది. గా కోపం నాకు ఎరుకే. మేము పనిల ఉండి మనసుల అనుకునేది గాళ్లు మైకుల అంటున్నరు అనిపించేది."

బహ్రెయిన్‌లో ఆయన ఆసుపత్రి వార్డులు తుడిచేవారట. అక్కడ ఒక ఇంగ్లీషు నర్సమ్మ ఈ పాటలు పెట్టుకుని వినేది. ఈయన తుడుస్తూ తుడుస్తూ తలుపు దగ్గర ఆగేవారు. ఒకరోజు ఆమె చూసి లోపలికి పిలిచింది. తన దేశానికి వెళ్లిపోయేముందు ఖాళీ క్యాసెట్లు కొని, మూడింటి నిండా పాటలు ఎక్కించి ఇచ్చింది. "డప్పులు కొట్టేటోడు ఆమె గల్లీలోడేనంట. వాని అవ్వకు నర్సమ్మ ఇంజక్షన్లు ఇచ్చేదంట. గంత పెద్దోళ్ల పాటలు కావు మేడం. మనలాంటోళ్లయే."

అప్పుడు చెప్పాను, రెండోవైపు చివర ఒక ఆడమనిషి మాట ఉందని.

ఆయన ముఖంలో నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్లు మాత్రం మారిపోయాయి. "ఉన్నదా ఇంకా?" అన్నారు. "చెరిగిపోలేదా?"

"లేదు. ఒక్క మాట కూడా పోలేదు."

ఆ గొంతు ఆయన మొదటి భార్య లసుమవ్వది. అప్పుడు కాపురం రుద్రంగిలో. బహ్రెయిన్‌లో ఎవరడిగినా దగ్గరి పట్నమని కోరుట్ల పేరే చెప్పేవారట, క్యాసెట్ మీదా అదే రాశారు. ఆయన పంపిన పాటల క్యాసెట్ మీదే ఆమె ఉత్తరం మాట్లాడి, ఊళ్లోంచి వెళ్లే మనిషితో బహ్రెయిన్ పంపింది. ఏడాది తిరక్కముందే జ్వరం వచ్చి మూడు రోజుల్లో పోయింది. ఆయన వచ్చేసరికి పదో రోజు. కూతురికి మూడేళ్లు.

"నా ఎంట తెచ్చిన పెట్టెల ఇది కనవడ్డది. సలీం భాయ్ కాడ టేపు బాగు చేయించి దగ్గు పాటైతే ఇన్న, ఆమె మాట దాంక పోలేకపోయిన. కండ్ల ముంగట ఉంటే బతుకలేననిపించింది. టేపు, క్యాసెట్లు అన్ని పాత సామాన్లోనికి ఏసిన. రెండు నెలలకు మతికచ్చి అడిగితే గాడు హైదరాబాద్ల అమ్మిన అన్నడు, పోయి మూడు రోజులు దేవులాడిన. దొరకలే. బిడ్డ పెద్దగైనంక అడిగింది, అవ్వ మాట ఎట్లుంటుండే నాయినా అని. ఏం జెప్పుతం? మాట ఎట్లుంటదో నోటితోని చెప్పస్తదా?"

నేను టేప్ రికార్డర్ తీశాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు. "ఇప్పుడద్దు. బిడ్డ లేకుండ నేను ఇనను. ఇన్నేండ్లు ఆగిన. రేపటిదాంక ఆగుత."

ఫోను తీసి సిరిసిల్లలో ఉన్న జమునకు చేశారు. "బిడ్డా, రేపు నేను, అవ్వ అస్తున్నం. ఏం లేదు, మంచిగనే ఉన్నం. అచ్చినంక చెప్త."

ఇక్కడ అవ్వ అంటే అమ్మ. ఆయన అన్నది రెండో భార్య రాజవ్వను. ఆ పూట నన్ను లాడ్జికి పోనివ్వలేదు. ఇంటికి తీసుకెళ్లారు. అన్నంలోకి పచ్చిపులుసు పోసింది రాజవ్వ. మరిగించని చింతపండు రసం, ఉల్లిగడ్డ నలిపి వేసింది. వేడి పులుసుకు అలవాటైన నేను మొదటి ముద్దకే ఆశ్చర్యపోయాను, మూడోసారి అడిగి పోయించుకున్నాను. సర్వపిండి కాల్చింది. గిన్నె అడుగున పిండి అద్ది, వేళ్లతో గుంటలు పెట్టి, నూనె వేసి కాల్చే రొట్టె. ఎలా చేస్తారో చూపిస్తానంటే వంటింట్లోకి వెళ్లాను.

నన్ను పిలిచింది రొట్టె నేర్పడానికి కాదని కాసేపట్లో అర్థమైంది.

"మూడేండ్ల పిల్లప్పుడు సంకకు ఎత్తుకున్న" అంది, పిండి అద్దుతూ. "నాకు పిల్లలు కాలే. గదే నా బిడ్డ. నన్నే అవ్వ అంటది. రేపు గామె గొంతు ఇన్నంక..." అని ఆగి, గిన్నె పొయ్యి మీద పెట్టింది. "నేను అద్దంటలేను మేడం. ఇనాలె. కన్నతల్లి గద. జర భయమైతుంది, గంతే."

ఒక కూతురికి తల్లి గొంతు ఇవ్వబోతున్నాననే సంతోషంలో, ఇంకో తల్లి ఉంటుందని నేను ఆలోచించనే లేదు.

రుద్రంగి దారి

పొద్దున్నే ముగ్గురం బస్సెక్కాం. రాజవ్వ పట్టుచీర కట్టుకుంది. లింబాద్రి గారు క్యాసెట్‌ను తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకున్నారు.

రుద్రంగిలో దిగుదామన్నారు. వాళ్లది కల్లు గీసే కుటుంబం. ఆయన తమ్ముడి వరస మనిషి ఇంకా చెట్లెక్కుతున్నాడు. ఊరి బయట తాటివనం దగ్గర ఆకు దొన్నెలో తాటికల్లు పోసి ఇచ్చాడు. మా వైపు ఆడవాళ్లు కల్లు తాగితే ఊరంతా తెలుస్తుంది. ఇక్కడ రాజవ్వ దొన్నె ఎత్తి గటగటా తాగి మూతి తుడుచుకుంది. నేనూ తాగాను. పుల్లగా, చల్లగా ఉంది. రెండో దొన్నెకి ఎక్కిళ్లు పట్టుకున్నాయి. మళ్లీ బస్సెక్కి, చందుర్తి అనే ఊరు దాటేదాకా తగ్గలేదు. నత్తికి ఎక్కిళ్లు తోడైతే ఏం మాట్లాడతాను? బస్సులో ఒక పెద్దాయన జాలిపడి తన సీటు ఇచ్చాడు, నాకు ఏదో జబ్బనుకుని. రాజవ్వ నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. ముందురోజు నుంచి ఆమె నవ్వడం అదే మొదటిసారి.

అంతకుముందు, రుద్రంగిలో బస్సెక్కకముందే, లింబాద్రి గారు నన్ను ఒక వీధిలోకి తీసుకెళ్లారు. పాత ఇల్లు లేదు. దాని స్థానంలో గల్ఫ్ డబ్బుతో ఎవరో కట్టుకున్న రెండంతస్తుల ఇల్లు ఉంది, తాళం వేసి. "ఈడ వసారుండె. పక్కింటోళ్ల టేపు అడుగుకొచ్చి, గీడ కూసోని మాట్లాడిందంట" అని గేటు ముందు నేల చూపించారు. రాజవ్వ గేటు మెట్టు మీద పడ్డ ఎండుటాకులను కాలితో పక్కకు నెట్టి శుభ్రం చేసింది.

సిరిసిల్ల

సిరిసిల్లలో బస్సు దిగగానే ఊరు ముందు చెవులకు తెలుస్తుంది. మరమగ్గాలను ఇక్కడ సాంచెలు అంటారు. వీధుల వెంట రేకుల షెడ్లలో సాంచెలు నడుస్తూనే ఉంటాయి. టకటకటక, ఆగకుండా, ఒకదానితో ఒకటి పోటీ పడుతూ. నాకు పరాయి ఊరనిపించలేదు. నా క్యాసెట్ మొదటి పాట వేగం సరిగ్గా అంతే ఉంటుంది.

జమున ఇంటి ముందు భాగంలో నాలుగు సాంచెలున్నాయి. భర్త రమేశ్ వాటిని నడుపుతాడు. వెనక గదిలో జమున లంగాలు కుడుతుంది. పొడుగ్గా, తండ్రిలాగే సన్నగా ఉంది. "ఏమైంది నాయినా? రాత్రి నిద్ర పట్టలే నాకు" అంటూ ఎదురొచ్చింది. నన్ను చూసి ఆగింది.

లింబాద్రి గారు తువ్వాలు విప్పి క్యాసెట్ చూపించారు. సంగతి రాజవ్వే చెప్పింది.

"మీ అవ్వ మాట దొరికింది బిడ్డా. గీ మేడం తెచ్చింది. క్యాసెట్ల ఉన్నది."

జమున చేతిలో కత్తెర అలాగే ఉంది. "ఏ అవ్వ?" అంది ముందు. తర్వాత అర్థమై భర్త వైపు తిరిగింది. "సాంచెలు ఆపు."

రమేశ్ ఒక్కొక్కటే ఆపాడు. నాలుగోది కూడా ఆగాక ఇల్లంతా ఒక్కసారి పెద్దదైనట్టు అనిపించింది. పక్క షెడ్ల చప్పుడు దూరంగా వినిపిస్తోంది. అందరం చాప మీద కూర్చున్నాం. రాజవ్వ మాత్రం తలుపు దగ్గరే నిలబడింది. నేను బటన్ నొక్కాను.

చివరి పాట సగం దాకా వచ్చింది. టక్.

"జమున నాయినకు లసుమవ్వ చెప్పునది. అందరం మంచిగనే ఉన్నం. నువ్వు పంపిన రెండు క్యాసెట్లు అందినయి. ఒకదాంట్ల నీ మాట ఉన్నది, ఇన్నం. గీ రెండోదాంట్ల ఏందయ్యా గా లొల్లి? ఎవలు కొట్లాడుకుంటున్నరు? మా అవ్వ ఇని నువ్వు కొట్లాటల ఉన్నవని ఏడ్సింది. ఖాళీ క్యాసెట్ దొరకలే, గా లొల్లి మీదనే మాట్లాడుతున్న, కోపం జెయ్యకు."

జమున నవ్వింది. తానే అనుకోకుండా, ఒక్కసారి. నవ్వి, నవ్వానే అన్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. లింబాద్రి గారు కళ్లు మూసుకునే చెప్పారు: "గా పేరు ఆమె పెట్టిందే. ఇది ఇన్నంకనే మూడింటి మీద లొల్లి పాటలని రాసిన."

"బిడ్డకు పాణం బాగలేకుంటే కోరుట్ల దవాఖానకు తీస్కపోయిన. గిప్పుడు ఆడుకుంటుంది. నిద్రవోవాలంటే ఎవలదన్న చెవి పట్టుకోవాలె, లేకుంటే ఏడుస్తది. నా చెవి పుండైంది. నువ్వు అచ్చినంక నీ చెవి ఇయ్యి."

తలుపు దగ్గర నుంచి చప్పుడు వచ్చింది. రాజవ్వ అక్కడే నేల మీద కూర్చుంది.

"అయ్యో!" అంది పైకే. "గందుకేనా? నెల రోజులు నన్ను నిద్రవోనియ్యలే గీ పిల్ల. ఎందుకు ఏడుస్తుందో సమజ్ కాకపోయేది. ఒకరోజు అదే నా చెవి దొరకపట్టుకొని పండుకున్నది." తర్వాత టేప్ రికార్డర్ దగ్గరికి జరిగి, ఎదురుగా మనిషి ఉన్నట్టే మాట్లాడింది: "నీ బిడ్డ పదేండ్లదాంక నా చెవి ఇడవలే అక్కా. చూడు, కమ్మ పెట్టుకునే బొక్క సాగిపోయింది."

టేపు తిరుగుతూనే ఉంది. క్యాసెట్ పారెయ్యకు అంది లసుమవ్వ. పెద్దగయ్యాక వినిపిద్దాం అంది. "గప్పుడు వాళ్లవ్వ గింత సక్కగ మాట్లాడేదని ఎరుకైతది" అని నవ్వింది. చివర్లో, "నాయినతోని మాట్లాడు బిడ్డా" అంటే, చిన్న గొంతు ఒకటి "నాయినా, బొమ్మ తే" అంది. టక్.

లింబాద్రి గారు గోడ వైపు తిరిగారు. జమున ఏడుస్తుందని అనుకున్నాను. ఆమె జరుగుతూ వెళ్లి రాజవ్వ పక్కన కూర్చుని, ఆమె చెవిని రెండు వేళ్లతో పట్టుకుంది. అలా పట్టుకుని, "ఇంకోసారి పెట్టుండ్రి" అంది నాతో.

నాలుగుసార్లు పెట్టాను. మూడోసారికి రమేశ్ కూడా "కొట్లాటల ఉన్నవని ఏడ్సింది" దగ్గర ముందే నవ్వడం మొదలుపెట్టాడు. ఫోనులో ఎక్కించినది జమునకు పంపాను. క్యాసెట్, టేప్ రికార్డర్ అక్కడే ఉంచేశాను. పాటను చెడగొట్టిందని వాళ్లమ్మను నేను ముప్పై ఏళ్లు తిట్టుకున్నానని జమునతో చెప్పేశాను, చెప్పకుండా రావడం తప్పనిపించి. జమున నా రెండు చేతులూ పట్టుకుంది. "తిట్టినా పారెయ్యలే గద పిన్నీ" అంది. ఆ పాటలు బాగుండబట్టి దాచుకున్నాను, అంతే. అవి అంత గోలగా, అంత నిజంగా లేకపోతే ఈ క్యాసెట్ ఎప్పుడో చెత్తలోకి వెళ్లేది. ఇంగ్లండులో ఎక్కడో, ఇప్పుడు ముసలివాడై ఉండే ఆ దగ్గిన మనిషికి ఈ సంగతి తెలిస్తే బాగుండుననిపించింది. నేను బతికినంతకాలం అతనికి, ఆ నర్సమ్మకు రుణపడి ఉంటాను.

బగారన్నం, కోడికూర తిన్నాక బస్సుకు లేచాను. జమున ఆగమంది. ఫోను తీసి, ఏదో నొక్కి, రాజవ్వ ముందు పెట్టింది.

"అవ్వా, నువ్వు సుత మాట్లాడు."

"నేనా? నేనేం మాట్లాడుదు? నేను బతికే ఉన్న గదే!"

"గందుకే. మాట్లాడు. ఏదన్న సరే."

రాజవ్వ కొంగు సర్దుకుంది. ఫోటో తీస్తున్నట్టు నిటారుగా కూర్చుంది. గొంతు సవరించుకుంది. లింబాద్రి గారు దగ్గరికి జరిగి కూర్చున్నారు. సాంచె మీద చెయ్యేసిన రమేశ్ దాన్ని ఆన్ చెయ్యకుండా ఆగిపోయాడు.

"జమునకు రాజవ్వ చెప్పునది" అని మొదలుపెట్టింది. "ఇంటికాడ పసుపు ఎండవెట్టచ్చిన. మబ్బు పట్టేటట్టున్నది. జల్ది పోవాలె. కని నువ్వు అన్నవని చెప్తున్న..."

పెళ్లయి ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచి మొదలుపెట్టింది. తలుపు వెనక దాక్కున్న మూడేళ్ల పిల్లను ఎలా బయటికి పిలిచిందో చెప్పింది. బెల్లం ముక్కకు రాలేదు, బొమ్మకు రాలేదు, కోడిపిల్లను పట్టుకొస్తే వచ్చింది అంది. "గట్లనా?" అని జమున. "నడుమ మాట్లాడకు, రికార్డయితది" అని రాజవ్వ.

వీధి చివర నేనెక్కాల్సిన కరీంనగర్ బస్సు హారన్ కొట్టింది. తర్వాత ఇంకోటి వచ్చి వెళ్లింది. నేను చెప్పులు విడిచి మళ్లీ చాప మీద కూర్చున్నాను.